పాత బుల్లెట్ హ్యాండిల్ మధ్యలో ‘టక్’మని ఆగుతోందా? కోన్ సెట్ మార్చడం తొలిసారి చేసేవాళ్లు తెలుసుకోవాల్సినవి

మా నాన్న తన బుల్లెట్ గురించి ఒక మాట గర్వంగా చెబుతుండేవారు. "చేతులు వదిలేసినా గీత గీసినట్టు పోతుందమ్మా" అని. అది 1986 మోడల్, స్టాండర్డ్ 350. ఆయనకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక నాలుగేళ్లు వరండాలో గోనెపట్టా కింద ఉండిపోయింది. నిరుడు దాన్ని బయటకు తీసి, ఇంజిన్ పని చేయించి, నేను నడపడం మొదలుపెట్టాను.

మొదటి నెలలోనే రెండు తేడాలు కనిపించాయి. ట్రాఫిక్‌లో నెమ్మదిగా వెళ్తుంటే బండి అటూ ఇటూ తూలుతోంది. నేరుగా పోవడానికి నేను క్షణక్షణం సర్దుతూ ఉండాల్సి వస్తోంది. ఇక హైవే మీద 60 దగ్గర యాక్సిలరేటర్ వదిలితే, వేగం తగ్గుతున్నప్పుడు హ్యాండిల్ చేతుల్లో సన్నగా వణుకుతోంది. ముందు టైరు మార్చాను. గాలి సరిచూశాను. తేడా లేదు.

ఒక ఆదివారం సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, హ్యాండిల్‌ను ఒక్క వేలితో తిప్పి చూశాను. ఎడమ చివరి నుంచి బాగానే వచ్చింది. సరిగ్గా మధ్యకు రాగానే గుంటలో పడ్డట్టు ‘టక్’మని ఆగిపోయింది. అక్కడి నుంచి కదలాలంటే కాస్త గట్టిగా తోయాల్సి వచ్చింది. గీత గీసినట్టు పోవడం వెనక ఉన్న రహస్యం ఆ గుంటేనని అప్పుడు అర్థమైంది. నాన్నకు వెంటనే చెప్పలేదు.

నాకు మెకానిక్ పని రాదు. చైన్‌కు నూనె పెట్టడం, ప్లగ్ తీసి తుడవడం దాకా తెలుసు. అయినా ఈ పని సొంతంగా చేశాను. రెండు ఆదివారాలు పట్టింది. మొదటిసారి చేసేవాళ్లకు ఇందులో ఏది తేలిక, ఏది ప్రమాదం, ఎక్కడ తప్పు జరుగుతుంది అనేది చెప్పడానికే ఈ కథనం.

అసలు ఎక్కడుంటుంది?

పెట్రోల్ ట్యాంకుకు ముందు, ఫ్రేమ్‌కు ఒక పొట్టి గొట్టం ఉంటుంది. కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌కు మధ్యలో ఉండే కడ్డీ ఈ గొట్టంలోంచి పైకి వస్తుంది. ఆకారాన్ని బట్టి మెకానిక్కులు దాన్ని ‘టీ’ అంటారు. గొట్టం పై అంచులో ఒక ఉక్కు గిన్నె, కింది అంచులో ఇంకొకటి బిగించి ఉంటాయి. వాటికి ఎదురుగా ఫోర్క్ వైపు మరో రెండు ఉంటాయి. ఒక్కో జత మధ్య ఉక్కు బాల్స్ వరుసగా దొర్లుతాయి. ముందు భాగం బరువు, బ్రేకు వేసినప్పుడు వచ్చే తోపు, గుంతలో పడ్డప్పుడు తగిలే దెబ్బ... అన్నీ ఈ రెండు వరుసల మీదుగానే ఫ్రేమ్‌కు చేరతాయి.

మామూలు సైకిల్ హ్యాండిల్ కింద ఉండేదీ ఇదే ఏర్పాటు. మోటార్‌సైకిల్ దాన్ని సైకిల్ నుంచే తెచ్చుకుంది. బుల్లెట్‌లో బాల్స్ పావు అంగుళంవి, అంటే 6.35 మి.మీ. పైన 19, కింద 19, మొత్తం 38.

పేర్లతోనే మొదటి చిక్కు. ఇంగ్లిష్ మాన్యువల్‌లో ‘స్టీరింగ్ హెడ్ రేసెస్’ అని ఉంటుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నేను అలా అడిగితే షాపతను ముఖం చూశాడు. ‘కోన్ సెట్’ అనగానే తీసిచ్చాడు. ‘బాల్ రేసర్ కిట్’ అని రాసున్న పెట్టె కూడా అదే వస్తువు. ఢిల్లీ కరోల్‌బాగ్, చెన్నై పుదుప్పేట, బెంగళూరు జేసీ రోడ్ లాంటి చోట్ల పాత బుల్లెట్ భాగాలు వెతికేవాళ్లు పాత గిన్నె ఒకటి చేతిలో పట్టుకుని వెళ్తే మాటలతో పని ఉండదు.

బుల్లెట్‌తో ఒక సుఖం ఉంది. 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండ్‌లోని రెడిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పాటు చేశాయి. మద్రాసు శివార్లలోని తిరువొత్తియూర్‌లో తయారైన ఈ బండి రూపం దశాబ్దాలపాటు పెద్దగా మారలేదు. అందుకే రెడిచ్ కాలం నాటి మాన్యువల్‌లోని ఈ అధ్యాయం నా 1986 బండికీ పనికొచ్చింది. కోన్ సెట్ ధర కూడా కొన్ని వందల రూపాయలే.

అన్నట్టు, ‘వింటేజ్’ అనే మాట మనం వాడినంత తేలిగ్గా చట్టం వాడదు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండికే ఆ గుర్తింపు. వాటికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబర్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు ఫీజు. ఆ నంబర్ తీసుకుంటే రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోల్ కోసమే రోడ్డెక్కాలి. మా నాన్న బండి లాంటివి చట్టం దృష్టిలో వట్టి పాత బళ్లు. 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుని రోజూ నడుపుకోవచ్చు. రోజూ నడుపుతాం కాబట్టే ఈ బేరింగ్ గురించి ఎక్కువ పట్టించుకోవాలి.

మధ్యలోనే ఎందుకు గుంట పడుతుంది?

చక్రంలో ఉండే బేరింగ్ పని తిరగడం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బుల్లెట్ చక్రం నిమిషానికి దాదాపు 500 సార్లు తిరుగుతుంది. దొర్లిన ప్రతిసారీ బాల్స్ తమ కిందకు గ్రీజును లాక్కుంటాయి. బరువు కూడా గిన్నె చుట్టూ పంచుకుంటుంది.

హ్యాండిల్ బేరింగ్‌కు ఆ అదృష్టం లేదు. ప్రయాణంలో ఎక్కువ భాగం అది రెండు మూడు డిగ్రీలకు మించి కదలదు. ఏళ్ల తరబడి అవే బాల్స్ గిన్నెలో అవే చోట్ల కూర్చుని, రోడ్డు దెబ్బలన్నీ అక్కడే తింటాయి.

దెబ్బలతో ఉక్కులో పడే సొట్టకు స్వీడన్ ఇంజినీర్ యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ పేరు మీద ‘బ్రినెల్లింగ్’ అని పేరు వచ్చింది. గట్టి బాల్‌ను లోహం మీద తెలిసినంత బరువుతో నొక్కి, పడ్డ సొట్టను కొలిచి, ఆ లోహం ఎంత గట్టిదో చెప్పే పద్ధతిని ఆయన 1900లో ప్రపంచానికి చూపించారు. ఆయన పరీక్ష కోసం చేసిన పనినే మన స్పీడ్ బ్రేకర్లు రోజూ చేస్తుంటాయి.

అయితే పాత బళ్లలో కనిపించే గుంటలన్నీ దెబ్బలతో పడ్డవి కావు. రెండో రకం ఒకటుంది. 1930ల్లో అమెరికాలో కొత్త కార్లను రైలు వ్యాగన్లలో దూరప్రాంతాలకు పంపేవారు. ఒక్క కిలోమీటరు కూడా నడవని ఆ కార్ల చక్రాల బేరింగ్‌లలో వరుసగా గుంటలు కనిపించాయి. చక్రం తిరగదు, రైలు కుదుపు మాత్రం ఆగదు. ఆ సన్నని వణుకుకు బాల్ కింద ఉన్న గ్రీజు పక్కకు జరిగిపోతుంది. లోహం లోహాన్ని రాసుకుంటూ పొడి రాలుస్తుంది. దీన్ని ‘ఫాల్స్ బ్రినెల్లింగ్’ అన్నారు. నా బండి గిన్నెలు తీసినప్పుడు ఎండిపోయిన గ్రీజులో ఎర్రటి మట్టిలాంటి పొడి కనిపించింది. అది ఈ రెండో రకం అరుగుదలకు గుర్తు. అంటే నాన్న బండిని గుంతల్లో పడేసి పాడుచేయలేదు. అందరూ గ్రీజు పెట్టడం మర్చిపోయారు, అంతే.

రెండు వరుసల్లో కిందిది ముందుగా పోతుంది. బరువు ఎక్కువగా మోసేది అదే. చక్రం ఎగజిమ్మే నీళ్లు, బురద చేరేది కూడా దానికే.

బిగిస్తే పోతుందా?

చాలామంది చేసేదిదే. సర్వీసింగ్‌కు ఇస్తే, ముందు భాగం లూజుగా ఉందని పైనున్న నట్‌ను ఒక పట్టు బిగించి ఇచ్చేస్తారు. మా బండికీ ఏళ్ల తరబడి అలాగే జరిగిందని గిన్నెలు చూశాక తెలిసింది. గుంటలు పడ్డ బేరింగ్‌ను బిగించి సరిచేయడం కుదరదు. మధ్యలో బాల్స్ గుంటల్లో ఉంటాయి కాబట్టి అక్కడ లూజు కనిపిస్తుంది. ఆ లూజు పోయేదాకా బిగిస్తే, హ్యాండిల్ తిప్పినప్పుడు బాల్స్ గుంటల్లోంచి ఎత్తు మీదకు ఎక్కి పట్టేస్తాయి. పైగా బిగింపు పెరిగినకొద్దీ బాల్స్ మీద ఒత్తిడి పెరిగి గుంటలు ఇంకా లోతవుతాయి.

ఇది సుఖంగా నడపడానికి సంబంధించిన విషయం మాత్రమే అయితే ఇంత చెప్పక్కర్లేదు. రెండు చక్రాల బండి పడిపోకుండా నిలిచేది హ్యాండిల్ అటూ ఇటూ చేసే చిన్నచిన్న కదలికల వల్లే. వాటిలో చాలావరకు మనం చేసేవి కూడా కావు. ఫోర్క్ వాలు గీతను నేలదాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందు పడుతుంది. అందుకే సూపర్‌మార్కెట్ ట్రాలీ చక్రంలా ముందు టైరు ఆ గీతను వెంబడిస్తూ తనను తాను సర్దుకుంటుంది. బండి ఒక పక్కకు ఒరిగితే చక్రం అటు తిరిగి దాన్ని కిందకు చేర్చుకుంటుంది. బేరింగ్ బిగుసుకుపోతే ఈ సర్దుబాటు ఆగి ఆగి జరుగుతుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు నేను పడ్డ తూలుడు అదే.

లూజుగా ఉంటే వ్యతిరేకమైన జబ్బు. చక్రం, ఫోర్క్, హ్యాండిల్ కలిసి సెకనుకు చాలాసార్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి. వేగం తగ్గుతున్నప్పుడు, వెనక బరువు ఉన్నప్పుడు, హ్యాండిల్ మీద చేతులు తేలిగ్గా ఉన్నప్పుడు ఇది బయటపడుతుంది. వణుకుగా మొదలై ఊపుగా మారితే పట్టుకోవడం కష్టం. నా వెనక అమ్మ కూర్చున్న రోజు అది కాస్త గట్టిగానే వచ్చింది. వాయిదా వేయడం మానేసింది ఆ రోజు నుంచే.

తప్పు నిజంగా అక్కడే ఉందా?

విప్పేముందు దీన్ని తేల్చుకోవాలి. ముందు చక్రం గాల్లో ఉండాలి. హ్యాండిల్‌ను వేళ్లతో నెమ్మదిగా ఒక చివరి నుంచి మరో చివరికి తిప్పండి. గరగర ఉన్నా, మధ్యలో గుంట తగిలినా బేరింగ్ పోయినట్టే. కేబుళ్లు, వైర్లు కూడా కొంచెం ఆపుతాయి. వాటి లాగుడు స్ప్రింగులా మెత్తగా ఉంటుంది, గుంటలా ‘టక్’మనదు.

తర్వాత ఫోర్క్ కాళ్లను కింద పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపండి. ఇంకొకరిని హెడ్ గొట్టం, ఫోర్క్ కలిసే చోట వేలు పెట్టి చూడమనండి. అక్కడ కదలిక తెలిస్తే కోన్ సెట్. అక్కడేమీ లేకుండా ఫోర్క్ గొట్టాల మధ్య కదిలితే ఫోర్క్ బుష్‌లు. చక్రం అంచు పట్టుకుని పక్కలకు ఊపితే కదిలేది చక్రం బేరింగ్. ముందు బ్రేకు పట్టుకుని బండిని తోసి చూసే పద్ధతి చాలామంది చెబుతారు. డ్రమ్ బ్రేకు ఉన్న పాత బళ్లలో బ్రేకు ప్లేటు కదలిక కూడా అలాగే ‘కటక్’మంటుంది కాబట్టి నేను దాన్ని నమ్మలేదు.

విప్పడం: ప్రమాదం బేరింగ్‌లో లేదు, బండి బరువులో ఉంది

కొత్తవాళ్లు బాల్స్ గురించి భయపడతారు. నిజానికి భయపడాల్సింది 160 కిలోలకు పైగా బరువున్న బండి ముందు చక్రం లేకుండా నిలబడి ఉండటం గురించి. సెంటర్ స్టాండ్ ఒక్కటీ చాలదు. ఫోర్క్ దిగగానే బరువు ఒక్కసారిగా వెనక్కి మారుతుంది. గిన్నెలు కొట్టేటప్పుడు ప్రతి దెబ్బకూ బండి కదులుతుంది. ఇంజిన్ కింద వెడల్పాటి చెక్క దిమ్మలు పేర్చాను. బరువు ఒకేచోట పడకుండా వాటిపైన పలక వేశాను. ఫ్రేమ్‌ను వరండా దూలానికి తాడుతో కట్టాను. ఈ పని ఒంటరిగా చేయకండి. ఫోర్క్ దింపేటప్పుడూ, ఎక్కించేటప్పుడూ రెండో మనిషి ఉండాలి. నాకు మా పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాడు దొరికాడు.

బ్యాటరీ వైరు తీసేయండి. పెట్రోల్ కాక్ ఆపి ట్యాంకు దించేయండి. పానా జారితే ముందు సొట్ట పడేది దానికే. బుల్లెట్‌లో హెడ్‌లైట్ కేసింగే ఫోర్క్‌కు పై పట్టు కూడా. స్పీడోమీటర్, ఆంపియర్ మీటర్, స్విచ్చుల వైర్లన్నీ దాంట్లోకే వెళ్తాయి. ఈ పనిలో సగం సమయం అక్కడే పోతుంది. ప్రతి వైరు తీసేముందు ఫోన్‌తో ఫొటో తీసి, రెండు కొసలకూ టేపు చుట్టి ఒకే అంకె వేశాను. పాత బళ్లలో వైరు రంగుల్ని నమ్మొద్దు. మధ్యలో ఎవరో ఒకరు చేతికందిన వైరుతో అతుకు వేసే ఉంటారు.

చక్రం, మడ్‌గార్డ్, హ్యాండిల్ దిగాక కేసింగ్ పట్టు మరను వదులు చేసి, పై నట్ తీస్తారు. అప్పుడు ‘టీ’ కిందకు జారుతుంది. జారే ముందు కింద పాత దుప్పటి పరచండి. బాల్స్ వర్షంలా రాలతాయి.

ఏరి లెక్కపెట్టాను. 37. అరగంట వెతికాం. చెప్పుల్లో, కుండీల్లో, ట్రే కింద. పాత బాల్స్ మళ్లీ వాడం కదా, లెక్క ఎందుకు అనిపించవచ్చు. గొట్టంలో ఒకటి ఇరుక్కుని ఉండిపోతే, కొత్త గిన్నెను అదే పాడుచేస్తుంది. చివరకు జవాబు కింది గిన్నెలో దొరికింది. కిరోసిన్‌తో కడిగి ఎండలో పట్టుకుంటే వరుసగా గుంటలు. లెక్కపెడితే 18. ఎప్పుడో ఎవరో ఒక బాల్ పోగొట్టి, ఉన్నవాటితోనే బిగించేశారు. అందుకే రాలినవాటి లెక్కను మాత్రమే నమ్మకుండా పార్ట్స్ పుస్తకంతో పోల్చుకోవాలి. పుస్తకం లేకపోతే కొత్త గిన్నెలో బాల్స్ పేర్చి చూడండి. వరుస దాదాపు నిండి, ఇంకో బాల్ పట్టనంత చిన్న ఖాళీ మిగిలితే లెక్క సరైనట్టు.

గిన్నెలు తీయడం, వేయడం

ఫ్రేమ్‌లోని పాత గిన్నెలను ఎదుటి కొస నుంచి పొడవాటి ఇత్తడి రాడ్డు దూర్చి, అంచు మీద కొట్టి బయటకు తీస్తారు. ఒకేచోట కొట్టకూడదు. ఇటు ఒక దెబ్బ, అటు ఒక దెబ్బ. నాకు పైది పది నిమిషాల్లో వచ్చింది, కిందిది గంట తీసుకుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే తేలిగ్గా వచ్చేదేమో. ‘టీ’ మీద కూర్చున్న గిన్నెను ఉలితో చుట్టూ కొంచెం కొంచెంగా లేపాలి. దాని కింద కడ్డీ మీద గీత పడకుండా చూడాలి.

నాలుగు గిన్నెలూ, బాల్స్ అన్నీ కలిపి మార్చాలి. కొత్త బాల్స్‌ను పాత గిన్నెల్లో వేసినా, పాతవాటిని కొత్త గిన్నెల్లో వేసినా డబ్బు దండగ.

వేసేటప్పుడు ఓపిక కావాలి. గొట్టం లోపలి అంచును కిరోసిన్‌తో కడిగి, తుప్పు గీకి, మెరిసేలా తుడవండి. చిన్న రేణువు ఉన్నా గిన్నె పూర్తిగా కూర్చోదు. కొత్త గిన్నెలను రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే లోహం కాస్త కుంచించుకుని దిగడం సులువవుతుంది. పెరుగు గిన్నె పక్కన వాటిని చూసి మా అమ్మ ఏమీ అనలేదు. కొట్టేటప్పుడు సుత్తికీ గిన్నెకూ మధ్య చెక్క దిమ్మ ఉండాలి. బాల్స్ దొర్లే దారిలో దెబ్బ అస్సలు తగలకూడదు.

నా పై గిన్నె మొదటిసారి వంకరగా దిగింది. ఇంకొంచెం కొడితే సర్దుకుంటుందని ఆశపడ్డాను. సర్దుకోదు, గొట్టం అంచును గీరేస్తుంది. వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాను. గిన్నె పూర్తిగా కూర్చుందో లేదో చెవి చెబుతుంది. దిగుతున్నంతసేపూ బోలుగా ‘డొక్ డొక్’మంటుంది. అడుగున ఆనగానే ‘టంగ్’మని గట్టి చప్పుడు వస్తుంది. అంచు చుట్టూ సందు లేదని టార్చ్‌తో చూసుకోవాలి. ఇప్పుడు మిగిలిన సందు, 100 కిలోమీటర్లు పోయాక లూజుగా బయటపడుతుంది. సుత్తి ఇష్టం లేనివాళ్లు పొడవాటి మరల రాడ్డుకు రెండు వైపులా పెద్ద వాషర్లు, నట్లు వేసి నెమ్మదిగా లాక్కోవచ్చు. మళ్లీ చేయాల్సి వస్తే నేను అదే చేస్తాను.

బాల్స్‌కు బదులు టేపర్ రోలర్ బేరింగ్‌లు కూడా పాత బళ్లకు దొరుకుతాయి. బాల్ గిన్నెను ఒక చుక్క దగ్గర తాకితే, రోలర్ ఒక గీత పొడవునా తాకుతుంది. బరువు పంచుకుంటుంది కాబట్టి గుంటలు ఆలస్యంగా పడతాయి. ఎక్కువ దూరాలు తిరిగేవాళ్లకు అది మంచి మార్పే. నేను అసలు రకమే వేశాను. 35 ఏళ్లకు పైగా లాగించిన వస్తువును, గ్రీజు పెడతానని మాటిచ్చి మళ్లీ నమ్మవచ్చనిపించింది.

గ్రీజు దండిగా పెట్టండి. చక్రాల బేరింగ్‌లకు వాడే లిథియం గ్రీజు సరిపోతుంది. నీటిని తట్టుకునే రకం దొరికితే ఇంకా మేలు. ఆ జిగటే బాల్స్‌ను పట్టి ఉంచుతుంది. కింది వరుసను ‘టీ’ మీదున్న గిన్నెలో, పై వరుసను ఫ్రేమ్ పై గిన్నెలో పేర్చి, 19, 19 అని ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి, ‘టీ’ని నిటారుగా పైకి ఎత్తాలి. ఎక్కేటప్పుడు పక్కకు ఒరిగితే బాల్స్ రాలతాయి. మాకు ఒకసారి రాలాయి.

ఎంత బిగించాలి?

పనంతా ఇక్కడే ఉంది. మాన్యువల్ చెప్పే కొలత వింతగా ఉంటుంది. అందులో అంకె లేదు. చక్రం గాల్లో ఉన్నప్పుడు హ్యాండిల్‌ను మెల్లగా తడితే అది దానంతటదే చివరిదాకా వాలిపోవాలి. అదే సమయంలో ఫోర్క్‌ను ముందుకూ వెనక్కీ ఊపితే లూజు దాదాపుగా తెలియకూడదు. ఈ రెండూ కలిసే చోటును చేతితో వెతుక్కోవాలి.

నేను చేసింది ఇది. ముందు నట్‌ను కాస్త గట్టిగానే బిగించి, హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి పదిసార్లు తిప్పాను. గిన్నెలు, బాల్స్ తమ చోట్లలో కూర్చుంటాయి, అదనపు గ్రీజు పక్కకు వస్తుంది. తర్వాత నట్‌ను పూర్తిగా వదులు చేశాను. అక్కడి నుంచి కొంచెం కొంచెంగా బిగిస్తూ, ప్రతిసారీ ఫోర్క్ ఊపి చూస్తూ, లూజు పోయిన చోట ఆగాను. హ్యాండిల్‌ను తడితే వాలింది. సంతోషంగా పై నట్ బిగించి, పట్టు మర కూడా బిగించి మళ్లీ తడితే, సగంలో ఆగిపోయింది.

చాలామంది తొలిసారి ఇక్కడే తప్పిపోతారు. చివరి నట్, మరల సందుల్లో ఉన్న ఖాళీని నొక్కుతూ, కింద మనం పెట్టిన సర్దుబాటును మరింత బిగిస్తుంది. అందుకే చివరి బిగింపు తర్వాత సరిపోయేలా ముందే కాస్త వదులుగా వదలాలి. ఎంత వదులు అన్నది మూడు నాలుగుసార్లు చేస్తేనే చేతికి తెలుస్తుంది. నాకు ఐదోసారి కుదిరింది. బిగిస్తే భద్రం అనే అలవాటు ఇక్కడ పనికిరాదు. అతిగా బిగించిన కొత్త సెట్ కొద్దికాలంలోనే పాతదానిలా గుంటలు పడుతుంది.

కేబుళ్లు, వైర్లు తగిలించేముందే ఈ సర్దుబాటు చేయండి. అవి లాగుతుంటే బేరింగ్ చెప్పేది వినపడదు. చక్రం వేశాక ఇంకోసారి చూడాలి.

రోడ్డెక్కే ముందు

ఇంజిన్ ఆన్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్‌ను రెండు చివర్లకూ తిప్పండి. ఇంజిన్ చప్పుడు మారకూడదు. నా బండి ఎడమకు తిప్పగానే గుర్రుమని లేచింది. యాక్సిలరేటర్ కేబుల్‌ను ట్యాంకు కింద తప్పు దారిలో పెట్టాను. రోడ్డు మీద యూటర్న్‌లో అలా జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ముందు బ్రేకు పట్టు, బ్రేకు ప్లేటు బిగింపు, ఇరుసు నట్, అన్ని లైట్లు, హారన్ ఒక్కొక్కటే చూసుకోవాలి. హెడ్‌లైట్ కేసింగ్‌లోకి దూర్చిన వైర్లు హ్యాండిల్ తిరిగినప్పుడు ఎక్కడా నలగకూడదు.

తొలి ప్రయాణం తెల్లవారుజామున, ఖాళీ రోడ్డు మీద, 30 దాటకుండా. వెనక ఎవరూ లేకుండా. మొదటి రెండు నిమిషాలు నాకు భయమేసింది. హ్యాండిల్ మరీ తేలిగ్గా, ఏ పట్టూ లేనట్టు అనిపించింది. ఇన్నాళ్లూ ఆ గుంటకు అలవాటు పడ్డ చేతులకు, బాగున్న బండే కొత్తగా ఉంది. తర్వాత స్పీడ్ బ్రేకర్ల దగ్గర, ఆటోల మధ్య నెమ్మదిగా పోతుంటే, సర్దే పని లేకుండా బండి తనే నిలబడింది. వారం తర్వాత హైవే మీద 60 దగ్గర యాక్సిలరేటర్ వదిలి చూశాను, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి. వణుకు లేదు.

కొత్త సెట్ కొద్ది దూరం నడిచాక కాస్త సర్దుకుంటుంది. 150 కిలోమీటర్ల దగ్గర మళ్లీ స్టాండ్ వేసి ఊపి చూస్తే, వేలికి సన్నని కదలిక తెలిసింది. నట్‌ను ఒక చుట్టులో ఎనిమిదో వంతు తిప్పితే పోయింది. ఆ తర్వాత 500 దగ్గర చూశాను, మార్పు లేదు.

ఆ రోజు నాన్న కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. చక్రం గాల్లో ఉన్నప్పుడు చిటికెన వేలితో హ్యాండిల్‌ను తట్టి, అది మధ్యలో ఎక్కడా ఆగకుండా చివరిదాకా వాలడం చూశారు. పాత గిన్నె చేతికిస్తే, గోరుతో ఆ గుంటలను ఒక్కొక్కటే తడిమారు. "ఇదా నేరుగా తీసుకెళ్లింది!" అన్నారు. తర్వాత, గ్రీజు మళ్లీ ఎప్పుడు పెట్టాలని అడిగారు. రెండేళ్లకు అని చెప్పాను. కళ్లజోడు తెప్పించుకుని, గోడ మీది క్యాలెండర్‌లో రాసుకున్నారు.